మోసుకొచ్చిన సాక్షి

గోదావరిఖని, లక్ష్మీనగర్. 2009 ఫిబ్రవరి, శనివారం, ఉదయం పది గంటలు. మందుల దుకాణం మీది అంతస్తులో క్రిస్టినా నడిపే కంప్యూటర్ తరగతి గది. బొగ్గుబాయిలో పనిచోట్లు భద్రంగా ఉన్నాయో లేదో తనిఖీ చేసే సర్దారు యిర్మియా, దుప్పటిలో చుట్టి తెచ్చిన కంప్యూటర్ డబ్బాను బల్ల మీద దించి, వైరు చేతపట్టుకొని ప్లగ్గు కోసం వెతుకుతున్నాడు.

"ఆగు కాక, ఆగు! ఆ బటన్ ముట్టకు!"

"ఏమైంది? కరెంటు కొడ్తదా?"

"కరెంటు కొట్టది. నువ్వు నొక్కితే నేను కొడ్త."

"నొక్కకుంట ఎట్ల చూస్తవ్ మరి? దండం పెడ్తవా దానికి?"

"ముందుగాల చెయ్యి తియ్యి. వైరు గూడ ఇడువు. ఆఁ... ఇప్పుడు కుర్సీల కూసో."

"కూసున్న తల్లీ. మీ అమ్మ చర్చిల అందరికి చెప్పుకుంట తిరుగుతున్నది, నా క్రిస్టినా హైదరాబాదుల మూడు నెలలుండి కంప్యూటర్లల్ల నేరాలు పట్టే చదువు చదివొచ్చిందని. గీ బటన్ ముట్టద్దనుడేనా ఆ చదువు?"

"నిజం చెప్పాల్నంటే మొదటి వారమంత గదే చదువు. ముట్టద్దు, ముట్టనియ్యద్దు."

"రెండో వారం?"

"ముట్టక తప్పకపోతే, ఏం ముట్టినవో ఏ టైముకు ముట్టినవో రాసి పెట్టుమని."

"మా సర్దార్ల కొలువు గదే గదనే! అయితే చెప్పు, ముట్టితే ఏం మునుగుతది?"

"ఆన్ చేసినవనుకో. అది లేసుడు లేసుడే లోపట వందల ఫైళ్ళు తనంతట తనే తెరుస్తది, మూస్తది, తారీఖులు మారుస్తది. మనం చూడవలసింది మనకంటె ముందు పడ్డ అడుగులు. ఆన్ చేస్తే వాటి మీద మన అడుగులు పడ్తయి."

"ఓ, గట్ల చెప్పు. బాయిల రూఫ్ కూలి మనిషికి దెబ్బ తాకిందనుకో, మనిషిని పైకి తెస్తం గని, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాక పడ్డ రాయి పడ్డకాడనే ఉండాలె. పెల్ల కదిలిస్తే మేనేజర్‌కైనా మూడుతది. గదే గద?"

"గదే కాక! మా సార్ గంటసేపు చెప్పింది నువ్వు ఒక్క ముక్కల చెప్పినవ్."

"మరి ఆ సర్టిఫికేట్ల సగం నాకియ్యి."

"ఇస్త. ముందుగాల సంగతి చెప్పు, నేను రాసుకుంట."

"నీకు తెల్వనిదా? ఖని మొత్తం కోడై కూస్తున్నది."

"ఖని చెప్పింది రాయద్దు. డబ్బ తెచ్చిన మనిషి చెప్పింది రాయాలె. చెప్పు."

"రాయి. నా కొడుకు నతానియేలు ప్రైవేటు బళ్ళె లెక్కల సారు. పోయిన శనివారం రాత్రి పదో తరగతి ప్రీ-ఫైనల్ లెక్కల పేపరు ఇంట్ల గీ కంప్యూటర్ మీదనే కొట్టిండు. సోమవారం పరీక్ష. పరీక్షకు ముందే ఆరుగురు పిల్లల కాడ గదే పేపరు, గవే లెక్కలు, గదే వరుస, అచ్చుకొట్టిన కాయితాలు దొరికినయి."

"ఎవరా పిల్లలు?"

"కరస్పాండెంట్ పేర్లు బయటపెడ్తలేడు. పబ్లిక్ పరీక్ష ముందట పిల్లలు బెదురుతరని. మంగళవారం మావోణ్ణి పిలిచి అన్నడట, పేపరు నీ ఇంట్ల తప్ప ఇంకెక్కడ లేదు, బయటికి పోయిందంటే నీ చేతి మీదికెల్లే పోయిందని. ఇయ్యాల నాలుగు గంటలకు కమిటీ కూసుంటది. ఒప్పుకొని కాయితం రాసిస్తవా, మేమే తీసేసి అన్ని బళ్ళకు చెప్పాల్నా అని అడుగుతరు."

"అన్ని బళ్ళకు చెప్తె..."

"ఇంకెక్కడ చాక్‌పీస్ పట్టనియ్యరు. ఆరేండ్ల నౌకరి. మాట్లాడడు, తినడు. గోడ దిక్కు మొఖం పెట్టి పంటడు."

"నతానియేలు గసొంటోడు కాదు కాక."

"ఎసొంటోడు కాదు?"

"అంటే... పేపరు బయట ఇచ్చెటోడు కాదని."

"నీకెట్ల ఎరుక?"

"క్వయిర్ల చూస్త గద రోజు."

"క్వయిర్ల పాటల పుస్తకం దిక్కు చూడాలె గని కీబోర్డు దిక్కు చూస్తరా?"

"కాక! గివి గూడ రాసుకోవాల్నా నేను?"

"రాసుకో. డబ్బ తెచ్చిన మనిషి చెప్పిండు గద."

"ఇగో, దీని మీద సంతకం పెట్టు. ఎవరు తెచ్చిండ్రు, ఏ టైముకు, డబ్బ నెంబరు. అప్పగింత కాయితం."

"నా డబ్బకు నేనే సంతకమా?"

"ఇప్పటి సంది నా చేతిల ఉంటది. నా చేతిలకెల్లి ఎవ్వరి చేతిలకు పోయినా గీ కాయితంలనే రాయాలె. నడుమ ఒక్క పది నిమిషాలు ఎవ్వరి కాడ ఉన్నదో తెల్వదంటే, మొత్తం మీద నమ్మకం పోతది."

"లాంప్ రూం తీరు. నా దీపం నెంబరు నాలుగు వందల పన్నెండు. అది ర్యాకుల లేదంటే నేను బాయిలనే ఉన్నట్టు. ఎవ్వరు అడగకుంటనే దేవులాడుతరు. ఏడ పెట్టాలె? అద్దాలు ఇంట్ల మర్చివచ్చిన, వేలు పెట్టి చూపియ్యి."

"ఇక్కడ. కాక, ఇంకొక మాట. నేను నతానియేలు దిక్కు కాదు."

"అగో! మరి కరస్పాండెంట్ దిక్కా?"

"ఎవ్వరి దిక్కు కాదు. డిస్కుల ఏముంటే గది రాస్త. నతానియేలే ఇచ్చిండని ఎల్లితే గదే రాస్త. కమిటీ ముందట గదే చదువుత. సమ్మతమైతేనే మూత విప్పుత."

"నాకు సమ్మతమే. నీకు సమ్మతమేనా?"

"నాదేముంది కాక నడుమ?"

"ఊకె అడిగిన. విప్పు."

"అబ్బో! గింత బొగ్గు దుమ్ము! నీతోని రోజు బాయిల దిగుతదా ఇది?"

"మా క్వార్టర్ కిటికీ ఓపెన్‌కాస్టు గని దిక్కు తెరుస్తం. దానికి మూడేండ్లే గద. నన్ను విప్పితే ఎంత ఎల్తదో చూడు."

"నిన్ను విప్పే చదువు నేను చదవలె. ఇగో, ఇదే డిస్కు. అరచెయ్యంత. మీ ఇంటి సంగతులన్ని గీ తునుకలనే ఉంటయి."

"మీ చిన్నమ్మ సుసన్నకు చెప్పకు, బీరువాల దాస్తది."

"ఇప్పుడు నీకొక పని. డిస్కు బయట ఉన్నది గద, ఇప్పుడు బటన్ నొక్కు."

"నొక్కాల్నా? కొట్టవు గద?"

"నొక్కు కాక. లోపటి గడియారం సరిగ్గ నడుస్తుందా లేదా చూడాలె. గడియారమే తప్పైతే అది చెప్పే టైములన్ని తప్పే."

"నొక్కిన. ఏమంటది?"

"నా చేతి గడియారం పది ఇరవై ఆరు. ఇది పది ఇరవై రెండు. నాలుగు నిమిషాలు వెనుక. తారీఖు సరిగ్గనే ఉన్నది. రాసుకుంటున్న."

"మా లాంప్ రూం గడియారం ఐదు నిమిషాలు ముందట ఉంటది ఎప్పుడు. వచ్చెటోనికి లేటు, పోయెటోనికి లాభం. దాన్ని గూడ పట్టుకపోయి పరీక్ష చెయ్యి."

"ఇగో, గీ చిన్న డబ్బ చూసినవా? దీని నడుమకెల్లి డిస్కును నా కంప్యూటర్‌కు కలుపుత. ఇది చదవనిస్తది, రాయనియ్యది. మా సార్ కాడ బతిమిలాడి తెచ్చుకున్న. ఇప్పుడు డిస్కు మొత్తం, ఖాళీ జాగలతోని సహా, ఉన్నదున్నట్టు నకలు తీస్త. చూసేది నకలునే. అసలు దాన్ని ఇగ ముట్ట."

"ఖాళీ జాగ గూడ ఎందుకు? ఖాళీల ఏముంటది?"

"గండ్లనే ఉంటది సగం. మనం ఒక ఫైలు చెరిపేస్తం గద, అది పోదు. జాబితాల పేరు కొట్టేస్తదంతే. దాని జాగల ఇంకోటి వచ్చి కూసునేదాక అది ఆడనే ఉంటది."

"అంటే... హాజరు మస్టర్ల పేరు కొట్టేసిండ్రు గని మనిషి ఇంక బాయిలనే ఉన్నడు."

"మా సార్‌కు నిన్ను చూపియ్యాలె కాక. అరగంట పడ్తది నకలుకు. పన్నెండింటికి కరెంటు పోతది, గంతలనే అయిపోవాలె. చాయ్ చెప్పన్నా?"

"చెప్పు. చక్కెర తక్కువ. ఆగు, ఫోను... సుసన్న. ఆఁ, చెప్పు... నేనా? బజార్ల ఉన్న. ... డబ్బనా? దుమ్ము దులిపియ్యనీకి తెచ్చిన. ... అబద్ధం కాదే, నిజంగనే దుమ్ము ఎల్లింది, అడుగు కావాల్నంటే! ... వాడు లేచిండా? ... చాయ్ గూడనా? ... పెట్టు, తిన్నా తినకున్నా పెట్టు. ఉంట."

"ఏమంటున్నది చిన్నమ్మ?"

"అంబలి గిన్నె ముందట పెట్టి అర్ధగంటైందట. కండ్లు మూసుకొని పండుకున్నట్టు చేస్తున్నడట. ఆ నెంబరు ఏంది, తెర మీద గింత పొడుగు? చదువు."

"అది డిస్కు వేలిముద్ర అనుకో. డిస్కుల ఉన్నదంత కలిపి లెక్కగడితే వచ్చే ముప్పై రెండు అక్షరాలు. లోపట ఒక్క కామా మార్చినా నెంబరు మొత్తం మారిపోతది. నకలుకు గూడ లెక్కగడ్త. రెండు ఒక్కటే వస్తే, నేను ఏం కలపలె, ఏం తియ్యలె అన్నట్టు."

"ఒక్క కామాకే?"

"ఒక్క కామాకే."

"మనిషికి గూడ గసొంటి నెంబరు ఉంటే ఎట్లుండు? పొద్దుగాల ఒకసారి లెక్కగట్టుడు, పండుకునే ముందట ఒకసారి."

"ఎవ్వరిది కలవది కాక. రోజు మనం అందరం మారిన డిస్కులమే."

"కలవకపోతే పోయె. ఎక్కడ మారిందో తెలుస్తది గద. తెలిసినా సగం బరువు దిగుతది."

"చాయ్ తాగు, చల్లారుతున్నది... అయిపోయింది. చూడు, రెండు నెంబర్లు ఒక్కటే! నా మొదటి నకలు ఇది, తెలుసా? నిజం కేసుల."

"మొదటిదా? మరి మీ అమ్మ యాభై కేసులు పట్టినవన్నది!"

"మా అమ్మ నెంబరు రోజుకు పదిసార్లు మారుతది. సరే, ఇగ చూద్దాం. నతానియేలు ఫోల్డర్... లెక్కల పేపరు... దొరికింది. పుట్టిన తారీఖు పోయిన శనివారం రాత్రి తొమ్మిదింటికి. వాడు చెప్పింది నిజమే. చివరిగ మార్చింది... నిన్న పొద్దుగాలనా? నిన్నెందుకు మారింది? కాక!"

"ఆఁ."

"పదహారో లెక్క కింద ఇది ఏంది?"

"ఏది?"

"'చెక్డ్. ఆల్ సేఫ్. యిర్మియా, సర్దార్.' దాని కింద మళ్ళ 'చెక్డ్, ఆల్ సేఫ్.' నాలుగు సార్లు ఉన్నది!"

"మంగళ, బుధ, గురు, శుక్ర. నాలుగే. సరిపోయింది."

"ఏం సరిపోయింది? ప్రశ్నపత్రంల నువ్వెందుకు రాసినవ్?"

"వాని మీద మాట పడ్డ దినం సంది, ఎవ్వడన్న వచ్చి దాన్ని మారుస్తడేమోనని రోజు తనిఖీ చేసిన. తెరిచిన, మొదటికెల్లి చివరిదాక చూసిన, కింద పేరు రాసి మూసిన. అది అడుగుతది గద, మార్పులు దాచాల్నా అని. దాచు అన్న."

"ఆధారం మీదనే సంతకం పెట్టినవా కాక!"

"సర్దార్ తిరిగి చూసినంక రాసి పెట్టకుంటె చూడనట్టే లెక్క. ఇరవై రెండేండ్ల అలవాటు."

"ఇప్పుడు కమిటీ ముందట ఏం చెప్పాలె? ఈ పేపరును చివరిగ ముట్టింది నతానియేలు కాదు, నతానియేలు వాళ్ళ బాపు అని చెప్పాల్నా? ఆదివారం నాడు ఎవ్వరన్న తెరిచి ఉంటే ఆ తారీఖు గిక్కడ ఉండు. నాలుగు సార్లు దాని మీద కూసున్నవ్ నువ్వు!"

"అంటే... నేనే చెడగొట్టిన్నా? చెప్పు బిడ్డ. వాని నౌకరి నేనే ముంచిన్నా?"

"ఆగు. మొఖం గట్ల పెట్టకు. ఒక్క తారీఖే పోయింది. కంప్యూటర్ ఒక్క పుస్తకంలనే రాయదు, మనం చెప్పకున్నా పది జాగలల్ల రాసుకుంటది. ఏ పెన్‌డ్రైవు పెట్టిండ్రు, ఎప్పుడు పెట్టిండ్రు, అది వేరే పుస్తకం. అందులో నువ్వు సంతకం పెట్టలే గద?"

"అది ఎక్కడుంటదో తెలిస్తే పెట్టెటోన్నే."

"తెల్వకపోవుడే మంచిదైంది. చూద్దాం... మంగళవారం సంది ఏం లేదు. సోమవారం లేదు. ఆదివారం... ఇగో! కాక, ఇగో! ఆదివారం మధ్యాహ్నం మూడు నలభైకి ఒక పెన్‌డ్రైవు పెట్టిండ్రు! నాలుగు నిమిషాలు కలుపు, మూడు నలభై నాలుగు!"

"ఆదివారం మూడు నలభై నాలుగు."

"ఆ టైముకు నతానియేలు ఎక్కడున్నడు?"

"సెంటినరీ కాలనీల. శాంతిరాజ్ బిడ్డ నిశ్చితార్థంల కీబోర్డు వాయిస్తున్నడు. పన్నెండింటికి పోయి రాత్రి ఎనిమిదింటికి వచ్చిండు. వీడియో గూడ తీసిండ్రు."

"అయితే బతికిండు! కాక, నతానియేలు బతికిండు! శనివారం రాత్రి నుంచి సోమవారందాక గీ ఒక్క పెన్‌డ్రైవే పెట్టిండ్రు. అది పెట్టినప్పుడు వాడు ఇరవై కిలోమీటర్ల అవతల రెండు వందల మంది ముందట కూసున్నడు! లే, లేచి చేతులియ్యి!"

"ఇచ్చిన. మరి అప్పుడు ఇంట్ల ఎవరున్నరు అని అడుగరా?"

"అడుగుతరు. నువ్వు?"

"ఆదివారం డ్యూటీ పడ్డది. సెకండ్ షిఫ్టు. మూడింటికే దిగిన."

"చిన్నమ్మ?"

"సుసన్న ఇంట్లనే ఉన్నది. ఆమెకు ఎలుకను చూసినా భయమే, ఆ మౌసును చూసినా భయమే."

"మరి ఇంకెవరన్న ఇంటికి వచ్చిండ్రా?"

"భూమి కింద ఉన్నోన్ని, నన్నడుగుతవేంది? డబ్బనడుగు. పెన్‌డ్రైవుకు పేరు, నెంబరు ఉండవా?"

"ఉంటయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నెంబరు. ఆగు... పేరు..."

"ఆఁ, పేరు? ఏంది బిడ్డ? పేరు చదువు. నాకు అద్దాలు లేవు."

"ఆగు కాక. ఒక్క నిమిషం."

"జేబులకెల్లి ఏందది తీసినవ్?"

"ఏం లేదు. తాళాలు."

"తాళాలు కంప్యూటర్‌కు పెడ్తరా?"

"ఊకె... సరి చూస్తున్న. ఒక నెంబరు."

"కలిసిందా?"

"కాక, పదకొండు నలభై అయింది. కరెంటు పోతది. రిపోర్టు గిట్ల రాద్దాం. ఆదివారం మూడు నలభై నాలుగుకు ఒక పెన్‌డ్రైవు పెట్టిండ్రు, ఆ టైముకు నతానియేలు ఇంట్ల లేడు. గంతే. గది చాలు వాన్ని బతికియ్యనీకి."

"ఎవ్వరిదంటే?"

"తెల్వదంటం."

"తెల్వదా?"

"...గంత లోతుకు పోవుడు అవసరమా కాక? కమిటీకి కావాల్సింది నతానియేలు ఇచ్చిండా లేదా. లేదు. అయిపోయింది."

"కరస్పాండెంట్ చిన్నోడు కాదు. నీ దోస్తును ఇంటికి పంపి నువ్వు నిశ్చితార్థంల కూసున్నవంటడు. పేరు లేకుంటె ఆ మాట వాని మెడకే చుట్టుకుంటది. కాదంటవా?"

"...కాదన."

"ఒక ముచ్చట చెప్త. నాలుగు సార్లు సంతకం పెట్టిన్నని ఇందాక తిట్టినవ్ గద, ఎందుకు పెడ్తనో చెప్త. ఇరవై రెండేండ్ల కింద, కొత్తగ సర్దార్ అయిన. ఒక దినం ఒళ్ళు బద్ధకమైంది. చివరి జాగదాక పోలె, రూఫ్ కొట్టి చూడలె. చూసిన అని రాసిన. రెండు గంటలకు ఆడ రాయి జారింది. గట్టయ్య కాలు మీద పడ్డది."

"మన గట్టయ్య మామనా? కట్టె పట్టుకొని నడిచే..."

"ఆయన్నే. ఎంక్వైరీల అందరు అందర్ని అడిగిండ్రు. నన్నడగలె. నా పుస్తకంల 'చూసిన' అని ఉన్నది గద, చాలనుకున్నరు. నేను గూడ చాలనుకున్న. అడగలేదు గద, చెప్పలే గద, అబద్ధమాడలే గద అనుకున్న."

"చిన్నమ్మకు తెలుసా?"

"ఎవ్వరికి తెల్వదు. నోరిడిచి చెప్పుడు ఇదే మొదలు. పండుగకు గట్టయ్య ఇంటికి కేకు పట్టుకపోత. మంచోనివి యిర్మియా అంటడు. ఆ మాట ఇరవై రెండేండ్ల సంది వింటున్న. నువ్వేం రాస్తవో రాయి. నాలుగింటికి ఇంక టైమున్నది."

"కాక."

"ఆఁ."

"ఈస్టర్ ముందటి శ్రమల కూడికలు మొదలైతయి గద బుధవారం. పాటలు నతానియేలు కొట్టి ఆ కంప్యూటర్లనే పెట్టిండు. కాయితాలు తీసి క్వయిర్‌కు పంచాలె. ఆదివారం మధ్యాహ్నం పాటల కోసం మీ ఇంటికి వచ్చిన."

"ఊఁ."

"చిన్నమ్మ జొన్నరొట్టె చేస్తున్నది, కూసో తిందువన్నది. నాకు తొందర. ఒక్కొక్క పాట ఏరుకునుడు ఎందుకని నతానియేలు ఫోల్డర్ మొత్తం నా పెన్‌డ్రైవుల వేసుకొచ్చిన. ఇక్కడ, ఆ మూల కంప్యూటర్ల దించి పాటలు అచ్చు తీసిన. ఐదింటికి పాటల సాధనకు పోయిన, పిల్లలకు క్లాసు అప్పజెప్పి. ఆదివారం మాపటి బ్యాచి. సగం మంది ఆ బళ్ళె పదో తరగతోళ్ళే."

"ఊఁ."

"ఫోల్డర్ తెర మీదనే ఇడిచిపెట్టిన కాక. అండ్ల పేపరున్నదని నాకు తెల్వదు, చూడనే లేదు. పిల్లలు చూసుకున్నరు. వాళ్ళే గీ ప్రింటర్ మీద తీసుకున్నరు. తాళాల గుత్తికున్న నా పెన్‌డ్రైవు నెంబరు కలిసింది. తెర మీద ఉన్న పేరు నాదే. పాటలకని నేను వచ్చిన సంగతి ఆ పేరు చూసేదాక నాకు తట్టనేలే."

"ఊఁ."

"ఊఁ ఏంది? మంగళవారం సంది నతానియేలు గసొంటోడు కాదు, గసొంటోడు కాదని ఊరంత చెప్పుకుంట తిరిగిన. నేనెసొంటిదాన్నో ఒక్కసారి గూడ చూసుకోలె. నాలుగింటికి నేను వస్త. ఆ మూల కంప్యూటర్ తోని, పెన్‌డ్రైవు తోని వస్త. ఉన్నదున్నట్టు నేనే చదువుత."

"తెల్లారి తల్లిదండ్రులు పిల్లల్ని పంపుతరా నీ కాడికి?"

"పంపరేమో."

"భయమైతలేదా?"

"అయితుంది. అయినా వస్త. కాని నా డబ్బను నేనే పరీక్ష చేసుకునుడు పద్ధతి కాదు. మా సార్‌కు ఫోను చేసి ఆయన్నే చూడుమంట. నేను ఇప్పుడు చూసెటోల్ల దిక్కు కాదు, చూడవలసినోల్ల దిక్కు."

"మంచిది."

"...కాక, నువ్వు తిడ్తలేవు. బెదురుత గూడ లేవు. చాయ్ తాగుకుంట ఊఁ కొడ్తున్నవ్. నీకు ముందే ఎరుకనా?"

"మంగళవారమే ఎరుక. పిల్లల కాడ దొరికిన కాయితాలు కరస్పాండెంట్ చూపియ్యంగనే మావోడు గుర్తువట్టిండట. వాటి మీద ఎడమదిక్కు సన్నని నల్ల గీత ఉన్నది. నువ్వు పంచిన పాటల కాయితాల మీద గూడ గదే గీత."

"నా ప్రింటర్ గీత... అంటే నతానియేలుకు తెలుసా? తెలిసి, నౌకరి పోతుంటే నోరు మూసుకొని పన్నడా?"

"క్లాసు పెట్టి ఆరు నెలలు గాలె, ఆమె పేరు ఖరాబు చెయ్యద్దన్నడు. గదొక్కటే మాట మాట్లాడింది వారంల."

"మరి నువ్వన్న నాకు చెప్పొచ్చు గద కాక! ఒక్క ఫోను! గింత బరువు మోపెడ్ మీద కట్టుకొని, దుమ్ము మింగుకుంట..."

"నీ పేరు నా నోట రావద్దని వాడు నా కాడ మాట తీసుకున్నడు బిడ్డ. డబ్బ కాడ తీసుకోలె."